వేల్పుల వేషములు - కలకత్తా తెలుగు చిత్రములు

యముడెట్లుండునో చూచి వచ్చి చెప్పినవారు లేరు. అయినను ఆంధ్రదేశమున ఏ పల్లెలోనైనను యమధర్మరాజు వేషము ధరించినవాడు రంగము మీదికి రాగానే ప్రేక్షకులు ఒక్క క్షణములో తీర్పు చెప్పుదురు: ఇతడు యముడే, లేదా ఇతడు యముడు కాడు. కారణ మడిగినచో వివరింపలేరు. తాతలనాటి నుండి విన్న పురాణము, చూచిన తోలుబొమ్మలాట, గోడమీద వ్రేలాడు దేవతల పటము, ఇవన్నియు కలిసి వారి మనస్సులలో ఒక కొలతను ఏర్పరచి యుంచినవి. వేషగాడు ఆ కొలతకు సరిపోవలెను. సరిపోనిచో ఎంతటి విద్వాంసుడైనను వేషము వేషముగనే మిగిలిపోవును.

సముద్రముల కవతల బొమ్మల కథల వీరుల విషయమునను ఇదే న్యాయము. అమెరికాలో 1938లో సూపర్‌మాన్, 1939లో బ్యాట్‌మాన్ అను అతిమానుష వీరులు చిత్రకథల పుస్తకములలో పుట్టిరి. ఆ పుస్తకములు చదివి పెరిగిన పిల్లలకు ఆ వీరుని గడ్డ మెట్లుండునో, భుజము లెంత వెడల్పో కంఠస్థము. అందుచేత వెండితెరకు ఆ పాత్రను తెచ్చునపుడు నటుని ఎన్నిక పెద్ద తగవుగా పరిణమించుచుండెను. 1989లో వచ్చిన బ్యాట్‌మాన్ చిత్రమునకు, అంతవరకు హాస్యపాత్రలకే పేరుపడిన మైఖేల్ కీటన్‌ను ఎన్నుకొనినపుడు అభిమానులు వేలకొలది నిరసన లేఖలు వ్రాసిరి. చిత్రము విడుదలైన పిమ్మట ఆ లేఖలు వ్రాసినవారిలో పలువురు ఆయననే మెచ్చుకొనిరి.

ఈ చిక్కు తెలుగువారికి క్రొత్తది కాదు. సూపర్‌మాన్ పుట్టుటకు ఐదేండ్లకు ముందే, దేవుని పాత్రకు తగిన మనుష్యుని వెదకు పని తెలుగువారు తలపెట్టిరి. ఆ పని జరిగిన ముఖ్యస్థానములలో ఒకటి బెజవాడ కాదు, రాజమహేంద్రవరము కాదు, కలకత్తా మహానగరము. కలకత్తాలో నివసించు తెలుగువారిలో సైత మీ సంగతి ఎరిగినవారు స్వల్పము.

తొలి తెలుగు టాకీ యగు 'భక్త ప్రహ్లాద' హెచ్. ఎం. రెడ్డి గారి దర్శకత్వమున బొంబాయిలో తయారై 1932 ఫిబ్రవరిలో విడుదలయ్యెను. మదరాసులో మాటలాడు చిత్రములు తీయుటకు వలయు స్టూడియో 1934 వరకు ఏర్పడలేదు. ఆంధ్రదేశములో తొలి స్టూడియో యగు దుర్గా సినీటోన్ రాజమహేంద్రవరమున వెలసినది 1936 ప్రాంతమున. కనుక ఆ నడుమ కాలములో తెలుగు చిత్రము తీయదలచినవారు బొంబాయికో, కలకత్తాకో పోవలసినదే. కలకత్తాలో టాలీగంజి ప్రాంతమున ఖేంకా గారి ఈస్టిండియా ఫిలిం కంపెనీ 1932లో ఆరంభమై, వంగ, హిందీ భాషలతోపాటు దక్షిణాది భాషలలోను చిత్రములు తీయుటకు ముందుకు వచ్చెను. ఆ టాలీగంజి పేరు మీదుగానే 'టాలీవుడ్' అను మాట 1932లో పుట్టినది. తరువాతి కాలమున అదే మాట తెలుగు చిత్రపరిశ్రమకు సైతము అంటుకొనుట ఒక వింత.

ఈ కంపెనీ తెలుగు చిత్రములకు దర్శకుడుగా ఎన్నుకొనబడినవారు కాకినాడ వాస్తవ్యులు చిత్తజల్లు పుల్లయ్యగారు. ఆనాడు కాకినాడనుండి కలకత్తా చేరుట యనగా సామర్లకోటలో బండి ఎక్కి, వాల్తేరు మీదుగా బరంపురము, కటకము, ఖరగ్‌పూరు దాటి హౌరాలో దిగుట. వాల్తేరుతో మదరాసు వారి రైలుమార్గము ముగిసి, బెంగాల్ నాగపూరు రైల్వే మొదలయ్యెడిది. ఆ రైల్వే కొలువులకై తెలుగువారు ఖరగ్‌పూరు కర్మశాలకును, కలకత్తా గార్డెన్ రీచి కార్యాలయమునకును వచ్చి స్థిరపడిరి. కొలువులకై తెలుగువారు వచ్చిన త్రోవనే వేషములకై మరికొందరు తెలుగువారు వచ్చిరి. మొదటివారు ఉండిపోయిరి. రెండవవారు కొన్నినెలలు పనిచేసి, యముని, సావిత్రిని, రాముని, సీతను ఫిలిముపై నిలిపి మరలిపోయిరి.

1933లో 'సావిత్రి' చిత్రము ఇట్లు తయారయ్యెను. మైలవరము నాటక సమాజము వారు ప్రదర్శించి పేరుగాంచిన నాటకము దీనికి మూలము. సావిత్రిగా దాసరి రామతిలకము, సత్యవంతుడుగా నిడుముక్కల సుబ్బారావు, యమధర్మరాజుగా వేమూరి గగ్గయ్య నటించిరి. గగ్గయ్యగారు 1895లో జన్మించిరి. తెలుగు రంగస్థలమున యముడు, కంసుడు, శిశుపాలుడు మున్నగు పాత్రలు ఆయన సొత్తు. ఆ పాత్రలకు ఆయనను ఎన్నుకొనుటకు మూలకారణము ఆకారము కాదు, కంఠము.

దీని మర్మము గ్రహింపవలెనన్నచో ఆనాటి టాకీ పద్ధతి తెలిసికొనవలెను. నటుడు కెమెరా ముందర నిలిచి మాటలాడుచునే పాడవలెను. ఆ పాట ఆ క్షణముననే ముద్రింపబడును. వాద్యగాండ్రు తెరలో కనబడకుండ చాటున కూర్చుండి వాయింతురు. నటుడు కదలినచో మైకు దూరమగును, శ్రుతి తప్పినచో మొదటినుండి మరల ఆరంభింపవలెను. ఒకని రూపమునకు వేరొకని గాత్రము జతపరచు ఉపాయము అప్పటికింకను వాడుకలోనికి రాలేదు. కనుక పాడలేనివాడు దేవుడు కాలేడు, రాక్షసుడును కాలేడు. పైగా తెలుగు ప్రేక్షకుడు పద్యప్రియుడు. నాటకశాలలో ఒక్క పద్యమునకు పలుమారులు 'వన్స్ మోర్' అడిగి రాత్రి తెల్లవార్చెడివాడు. అతడు టాకీకి వచ్చి యముని మొగము చూచుటకన్న ముందుగా యముని గొంతు వినుటకు చెవియొగ్గును. ఆనాటి కొలత గళము.

ఆ కొలతకు తోడు కెమెరా మరియొక నియమమును తెచ్చి పెట్టెను. నాటకరంగమున స్త్రీ పాత్రలను పురుషులు ధరించుట పరిపాటి. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి పురుషుడని నమ్మనివారెందరో. అయితే రంగమునకును ప్రేక్షకునకును నడుమ దూరము కలదు. కెమెరా ఆ దూరమును హరించివేసి ముఖమును జానెడు దూరమునకు తెచ్చును. కనుక తెలుగు టాకీ ఆదినుండియు స్త్రీ పాత్రలకు స్త్రీలనే కోరెను. 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా సురభి కమలాబాయి, 'సావిత్రి'లో రామతిలకము ఈ విధముగా వచ్చినవారే. రంగస్థల స్త్రీలను లోకము చిన్నచూపు చూచిన కాలమది. అట్టి కాలమున పతివ్రతా శిరోమణుల పాత్రలకు వారే ఆధారమైరి.

మరుసటి సంవత్సరము, అనగా 1934లో, ఈ కంపెనీయే ఉత్తర రామాయణ కథను రెండు భాషలలో వేరువేరు చిత్రములుగా తీసెను. హిందీ 'సీత'కు దేవకీ బోసు దర్శకుడు. అందు రాముడు పృథ్వీరాజ్ కపూర్, సీత దుర్గా ఖోటే. ఆ చిత్రము ఆ ఏడే వెనిస్ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడెను. తెలుగు 'లవకుశ'కు పుల్లయ్యగారు దర్శకుడు. రాముడు పారుపల్లి సుబ్బారావు, సీత శ్రీరంజని. శ్రీరంజనికి అదే మొదటి చిత్రము. లవకుశులుగా భీమారావు, మల్లేశ్వరరావు అను బాలురు నటించిరి.

ఒకే కంపెనీ, ఒకే సంవత్సరము, ఒకే కథ, ఇద్దరు రాములు. పృథ్వీరాజ్ పెషావరు ప్రాంతమున పెరిగినవాడు. ఎత్తైన విగ్రహము, గంభీరమైన వాచికము ఆయన బలము. వంగరంగస్థలమున అంతకు పూర్వమే, 1924లో, ఇంగ్లీషు అధ్యాపక వృత్తిని విడిచి నాటకములకు వచ్చిన శిశిరకుమార భాదుడీ 'సీత' నాటకమున రామునిగా నటించి, ఆ పాత్రను పాటకంటె భావమునకు ప్రధానముగా నిలిపియుండెను. కలకత్తా ప్రేక్షకుడు ఆ కన్నుతో రాముని చూచుట నేర్చినవాడు. తెలుగు ప్రేక్షకుడు రాముని పద్యములో వినుట మరిగినవాడు. అందువలన తెలుగు రాముని పాత్ర రంగస్థల గాయకనటునకు దక్కెను. రాముడొక్కడే అయినను ప్రేక్షకుల కొలతలు రెండు. తెలుగు 'లవకుశ' ఆంధ్రదేశమున విశేషమైన ఆదరణమును పొంది, కుటుంబములు కుటుంబములుగా జనులను టాకీ హాళ్లకు రప్పించెను.

1936లో పుల్లయ్యగారు మరింత సాహసము చేసిరి. పిల్లలనే పాత్రధారులుగా పెట్టి 'సతీ అనసూయ', 'ధ్రువ విజయము' అను రెండు చిత్రములు కలకత్తాలో తీసిరి. ఋషులు, దేవతలు, పతివ్రతలు, అందరును బాలబాలికలే. అనసూయ పాత్రకు ఎన్నికైన బాలిక కృష్ణవేణి. గంగ పాత్రకు వచ్చిన చిన్నారి బాలసరస్వతి. అప్పటికి ఆమెకు నిండ పదేండ్లు లేవు. ఆకారములో దేవతలను పోలుట కాదు ఇచ్చట కొలత. నిష్కల్మషమైన కంఠమును, బెరుకులేని చూపును చూచి వారిని ఎన్నుకొనిరి. పిల్లవాడు దేవుడుగా వచ్చినపుడు ప్రేక్షకుడు పోలికలు వెదకడు, లాలనతో అంగీకరించును. బాలసరస్వతీదేవి తరువాత తెలుగునాట లలిత సంగీతమునకు పెట్టని సొమ్మయ్యెను. కృష్ణవేణి నటిగా, గాయనిగా, నిర్మాతగా ఎదిగెను. 1949లో ఆమె నిర్మించిన 'మనదేశము' చిత్రముతోనే నందమూరి తారక రామారావు అను యువకుడు తెరకు పరిచయమయ్యెను. ఆ సంగతి ఈ కథలో ముందు మరల వచ్చును.

ప్రసిద్ధి యొక్కటే చాలదని తెలిపిన నిదర్శన మొకటి అదే 1936లో జరిగెను. ద్రౌపదీ వస్త్రాపహరణ కథనే రెండు సంస్థలు పోటాపోటీగా చిత్రించినవి. 'ద్రౌపదీ మానసంరక్షణము'లో దుర్యోధనుడు బళ్ళారి రాఘవాచార్యులు, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు, ద్రౌపది సురభి కమలాబాయి. 'ద్రౌపదీ వస్త్రాపహరణము'లో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, కృష్ణుడు సి. యస్. ఆర్. ఆంజనేయులు, ద్రౌపది కన్నాంబ. నటనలో రాఘవగారిని మించినవారు ఆనాడు తెలుగు రంగమున లేరని పలువురు పెద్దల అభిప్రాయము. అయినను ప్రజలు రెండవ చిత్రమునే ఆదరించిరి. మహానటుడైనంత మాత్రమున తెర వానిని వరింపదని దీనివలన లోకమునకు తెలిసెను.

ఇంతలో కలకత్తాలోనే, ఈ కొలతలన్నింటిని తారుమారు చేయు విశేషమొకటి సంభవించెను. న్యూ థియేటర్సు వారి స్టూడియోలో 1935లో నితిన్ బోసు 'భాగ్యచక్ర' అను వంగ చిత్రమును, దానినే హిందీలో 'ధూప్ ఛావ్' అను పేరుతోను తీయుచు, పాటను ముందుగా ముద్రించుకొని, పిమ్మట ఆ పాటకు అనుగుణముగా నటులు పెదవులు కదలించునట్లు చేసెను. సంగీతము రాయిచంద్ బొరాల్ గారిది. అదియే నేపథ్యగానము. తెలుగు చిత్రములలో ఈ పద్ధతి స్థిరపడుటకు మరికొన్ని సంవత్సరములు పట్టినది. స్థిరపడిన పిమ్మట మాత్రము వేల్పుల ఎన్నిక పూర్వమువలె సాగలేదు. గళము ఒకచోట, ముఖము మరియొకచోట దొరకినను దేవుడు సిద్ధమగును. గగ్గయ్యగారి వంటి నటులు పదునైదేండ్లు పద్యసాధన చేసి సంపాదించిన అర్హత ఒక యంత్రముతో ఐచ్ఛికమైపోయినది. సంగీతము రాని సుందరాకారునకు తలుపులు తెరచుకొన్నవి. అందము చాలని గాయకుడు తెర వెనుకకు జరిగెను. గెలిచినవారిని లోకము కొనియాడినది. అట్లు వెనుకకు జరిగినవారిని గూర్చి వ్రాసినవారు తక్కువ.

క్రొత్త కొలత ముఖము. ఇదియు ఒక్కనాట కుదురుకొనినది కాదు. 1954లో 'ఇద్దరు పెళ్ళాలు' అను చిత్రమున తారక రామారావు కొలదిసేపు కృష్ణవేషమున కనబడగా ప్రేక్షకులు మెచ్చలేదు. అందుచేత 'మాయాబజారు'లో కృష్ణపాత్ర ధరింపుమని కె. వి. రెడ్డిగారు కోరినపుడు ఆయన వెనుకాడిరి. దర్శకుడు పట్టు విడువలేదు. కిరీటము, ఆభరణములు, ముఖాలంకరణము, నిలుచు భంగిమ, చిరునవ్వు, ప్రతిదానిని శ్రద్ధతో తీర్చిరి. 1957లో ఆ చిత్రము విడుదలైన తరువాత, మూడేండ్ల క్రిందట కాదనిన ప్రేక్షకులే ఆయనను కృష్ణుడనిరి. ఆ చిత్రములోనే ఘటోత్కచుడుగా ఎస్. వి. రంగారావు భారీ విగ్రహము తెరను నింపగా, ఆ పాత్ర పాటను మాధవపెద్ది సత్యము పాడెను. దేహమొకరిది, గానమొకరిది, చూచినవారికి ఘటోత్కచుడు మాత్రము ఒక్కడే.

కలకత్తాలో 1934లో మొదలైన కథ ఇచ్చట చుట్టు తిరిగి వచ్చుచున్నది. పుల్లయ్యగారు వృద్ధాప్యమున మరల 'లవకుశ'నే చేపట్టిరి. 1958 ప్రాంతమున ఆరంభమైన ఆ చిత్రము ధనాభావమువలన నిలిచిపోయి, ఆయన ఆరోగ్యము క్షీణింపగా కుమారుడు సి. యస్. రావు గారి చేతిమీదుగా పూర్తియై, 1963 మార్చి 29న విడుదలయ్యెను. ఆసాంతము వర్ణములలో తయారైన తొలి తెలుగు చిత్రమది. రాముడు తారక రామారావు, సీత అంజలీదేవి. రామునకు గాత్రము ఘంటసాల, లవకుశులకు లీల, సుశీల. అనసూయగా కలకత్తాకు వెళ్ళిన బాలిక తెరకు పరిచయము చేసిన యువకుడే, ఆ అనసూయను ఎన్నుకొనిన దర్శకుని రాముడయ్యెను. అంజలీదేవిని 1947లో 'గొల్లభామ'లో మోహినిగా పరిచయము చేసినవారును పుల్లయ్యగారే. మోహినిగా చూచిన ముఖములోనే సీతను చూడగలిగిన కన్ను అది. 'లవకుశ' తరువాత పల్లెలలో స్త్రీలు అంజలీదేవిని చూచి సీతమ్మ యని నమస్కరించిరి. పుల్లయ్యగారు 1967లో దివంగతులైరి.

మూడవ కొలత దేహము. దీనికి నిదర్శనము సముద్రముల కవతల 1978లో వచ్చిన సూపర్‌మాన్ చిత్రము. అంతగా పేరులేని క్రిస్టఫర్ రీవ్‌ను ఎన్నుకొనిరి. ఎత్తు సరిపోయినది గాని కండలు చాలలేదు. దుస్తుల లోపల దూది కూరెదమనగా ఆయన అంగీకరింపక, వ్యాయామముతో శరీరమును పెంచుకొనెను. బొమ్మలో గీసిన దేహమును మనుష్యుడు శ్రమించి సంపాదించిన ఉదంతమది. రెండేండ్లకు, 1980లో, తెలుగులోను 'సూపర్‌మాన్' అను చిత్రము వచ్చెను. అందలి నాయకుడు తారక రామారావే. శక్తి మాత్రము అన్యగ్రహమునుండి వచ్చినది కాదు, ఆంజనేయుని అనుగ్రహము. వీరుని దుస్తులు విదేశీయములైనను వాని మూలము పురాణములో ఉన్ననే గాని తెలుగు మనస్సు ఒప్పుకొనదని ఆ చిత్రకారులు గ్రహించినట్లున్నది. 2024లో తేజ సజ్జా నాయకుడుగా వచ్చిన 'హను-మాన్' సైతము ఆ త్రోవలోనిదే.

ఇట్టి పాత్ర నటునకు కీర్తిని తెచ్చును, వెల కూడ అడుగును. 1952 నుండి 1958 వరకు అమెరికా టెలివిజనులో సూపర్‌మాన్‌గా నటించిన జార్జి రీవ్స్ తరువాత వేరు పాత్రలకు తంటాలు పడెను. జనులు ఆయనలో ఆ వీరుని తప్ప వేరొకనిని చూడనొల్లరైరి. తెలుగుదేశమున అదే ముద్ర వేరొక ఫలము నిచ్చెను. రాముడుగా, కృష్ణుడుగా పటములకెక్కిన నటుడు 1983 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రియయ్యెను. అందులకు కారణములు అనేకములు. కాని పల్లెటూరి ఓటరు ఆ ముఖమును ఎన్నడో ఎరిగియుండె ననుట నిర్వివాదము.

గళము, ముఖము, దేహము, ఈ మూడు కొలతలలో ఏది మేలైనదని అడుగుటకంటె, ఏ కొలతనైనను ఏర్పరచునది ప్రేక్షకుడే యని తెలియుట మేలు. దర్శకుడు ప్రేక్షకుని మనస్సులోని రూపమును ఊహించును. ఒక్కొక్కప్పుడు ఓర్పుతో దానిని మార్చును. కీటన్ విషయమునను, కృష్ణవేషమున తారక రామారావు విషయమునను జరిగినది ఇదియే. మొదట కాదన్న రూపమే తరువాతి తరమునకు ప్రమాణమగును. నేటి పిల్లలు అతిమానుష వీరుల చిత్రములు చూచి, ఏ నటుడు ఆ వీరునకు తగునని ఇంట వాదులాడుకొనుచున్నారు. పెద్దలు విసుగుకొన నక్కరలేదు. వారి తాతలు గగ్గయ్య యముడా, మరియొకడు యముడా యని వాదులాడుకొన్నవారే.

టాలీగంజిలో నేడు భూగర్భ రైలు స్టేషనునకు వంగనటుడు ఉత్తమ్ కుమార్ పేరు పెట్టియున్నారు. తమ నటుని ఆ నగరము మరువలేదు. ఆ ప్రాంతముననే, తొంబది యేండ్ల క్రిందట, ఊరుగాని ఊరిలో, భాషగాని భాష నడుమ, కొందరు తెలుగు స్త్రీ పురుషులును పిల్లలును వెలుగుదీపముల వేడికి చెమటలు తుడుచుకొనుచు, శ్రుతి తప్పకుండ పద్యములు పాడి యముని, సావిత్రిని, సీతారాములను తెలుగువారి కిచ్చిరి. వారి పేర్లు చెక్కిన రాయి అచ్చట లేకపోవచ్చును. ఉద్యోగరీత్యా కలకత్తాలో నివసించు తెలుగు కుటుంబములు ఆ మార్గమున పోవునపుడు పిల్లలకు రామతిలకము పేరు, గగ్గయ్య పేరు, శ్రీరంజని పేరు ఒక్కమారు చెప్పిన చాలును. ఆ ఋణము కొంత తీరినట్లే.